ఒకే ట్యాంకులో పెద్ద వేటచేపలు: ఏవి, ఎన్ని, ఎలా

అరోవానా, పీకాక్ బాస్, డాట్నాయిడ్, పాలిప్టెరస్ లాంటి వేటచేపలను కలిపి పెంచే ట్యాంకు పాడైతే చాలామంది చేపల కొట్లాట మీదికి నెట్టేస్తారు. అసలు తప్పు అంతకు చాలా ముందే జరిగి ఉంటుంది. పిల్ల సైజు చూసి చేపను కొనడం ఒకటి, రోజూ ట్యాంకులో ఎంత తిండి పడబోతోందో లెక్కేయకపోవడం రెండోది. ఈ రెండు లెక్కలూ ముందే తేల్చుకుంటే మిగిలిన పని కష్టమే గానీ అర్థం కానిదేమీ కాదు.

ముందు జాబితా, తర్వాతే ట్యాంకు

ఇంట్లో పెంచినప్పుడు ఏ చేప ఎంతవరకూ పెరుగుతుందో కాగితం మీద రాసుకోండి.

- సిల్వర్ అరోవానా: 75–90 సెం.మీ. పై నీళ్లలోనే తిరుగుతుంది. బాగా తింటే మొదటి ఏడాదిలోనే అరమీటరు దాటగలదు.
- పీకాక్ బాస్: రకాన్ని బట్టి చాలా తేడా ఉంటుంది. కెల్బెరి 30 సెం.మీ. దగ్గర ఆగుతుంది. టెమెన్సిస్ 70 దాటుతుంది. పిల్లలుగా ఉన్నప్పుడు రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి రకం పేరు కచ్చితంగా తెలియకుండా కొనకండి.
- ఆస్కార్: 30–35 సెం.మీ. ఒళ్లు చిన్నదే, చేసే చెత్త పెద్దది.
- డాట్నాయిడ్: 30–45 సెం.మీ. చాలా నెమ్మదిగా పెరుగుతుంది. ఏళ్లు పడుతుంది.
- పాలిప్టెరస్: సెనెగలస్ 30, ఎండ్లిచెరి 60 సెం.మీ. దాకా. అడుగున పాకుతూ ఉంటుంది.
- క్లౌన్ నైఫ్: 60–75 సెం.మీ. పగలు దాక్కుని రాత్రి తిరుగుతుంది.
- స్పాటెడ్ గార్: 60–75 సెం.మీ. ఒళ్లు కర్రలా బిగుసుకుని ఉంటుంది. తేలిగ్గా వంగదు కాబట్టి ఇరుకు ట్యాంకులో వెనక్కి తిరగలేదు.

రెడ్ టెయిల్ క్యాట్‌ఫిష్, పంగస్, టైగర్ షోవెల్‌నోజ్, అరపైమా, అలిగేటర్ గార్‌లను జాబితాలోంచి కొట్టేయండి. మీటరు దాటే చేపలు ఇవి. అరపైమా అయితే రెండు మీటర్లూ దాటుతుంది. వీటికి చెరువు కావాలి, గాజు ట్యాంకు కాదు. ట్యాంకు చిన్నదైతే చేప కూడా దానికి తగ్గట్టు చిన్నగా ఉండిపోతుందని చెప్పేవాళ్లను నమ్మకండి. చెడ్డ నీళ్లలో చేప గిడసబారుతుంది, వెన్ను వంకర పోతుంది, పదిహేనేళ్లు బతకాల్సింది మూడేళ్లకే పోతుంది.

ఫ్లవర్‌హార్న్, రెడ్ డెవిల్, వుల్ఫ్ ఫిష్, పెద్ద జాతి కొర్రమీను ఒంటరిగా పెంచాల్సిన చేపలు. వాటికి తోడు కావాలని అనిపించేది మనకే.

కొన్ని జాతుల్ని ఇంట్లో ఉంచుకోవడం చట్టప్రకారం నేరమయ్యే చోట్లు చాలా ఉన్నాయి. గార్‌లు, కొర్రమీను జాతులు, పిరానాలు ఇలాంటి జాబితాల్లో తరచుగా కనిపిస్తాయి. మీరుండే చోట నియమం ఏమిటో కొనకముందే చూసుకోండి.

ఎవరితో ఎవరు

మొదటి నియమం నోరు. ఒక చేప నోట్లో ఇంకో చేప తల పడుతుందంటే ఎన్ని నెలలు కలిసి తిరిగినా ఏదో ఒక రాత్రి మాయమవుతుంది. ఇక్కడ పొడవును చూసి మోసపోవద్దు. పీకాక్ బాస్ తనలో సగం పైన పొడవున్న సన్నటి పాలిప్టెరస్‌ను మింగేస్తుంది. అదే పొడవున్న వెడల్పాటి సిల్వర్ డాలర్ చేప జోలికి వెళ్లదు. ఒంటి ఎత్తు ముఖ్యం.

రెండోది, ఎవరి అంతస్తు వాళ్లకు ఉండాలి. పైన అరోవానా, మధ్యలో పీకాక్ బాస్, డాట్నాయిడ్, అడుగున పాలిప్టెరస్. అందరూ మధ్యలోనే తిరిగేవాళ్లయితే ఎంత పెద్ద ట్యాంకైనా ఇరుకే.

మూడోది సంఖ్య. ఒకే జాతివి రెండు పెడితే బలమైనది రెండోదాన్ని పొద్దస్తమానం తరుముతుంది. మూడు పెట్టినా అంతే, మూడోది మూలన చేరుతుంది. ఒకటైనా ఉండాలి, లేదంటే ఐదు లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి. ఐదారు ఉంటే కోపం ఒక్కదాని మీదే పడకుండా అందరికీ పంచుకుపోతుంది. పీకాక్ బాస్‌కూ డాట్నాయిడ్‌కూ ఈ సూత్రం బాగా పనిచేస్తుంది. అడుగున పాకే పాలిప్టెరస్‌లకు ఈ లెక్క అక్కర్లేదు, రెండున్నా ఫరవాలేదు. అరోవానా విషయంలో మాత్రం ఇంటి ట్యాంకుకు ఒక్కటే.

ఇక తప్పనిసరిగా వద్దనాల్సినవి రెండున్నాయి. చిన్న క్యాట్‌ఫిష్‌లు ఒకటి. వేటచేప మింగబోతే అవి పక్క ముళ్లు విప్పి బిగిస్తాయి, ముల్లు గొంతులో ఇరుక్కుని రెండూ చస్తాయి. రెండోది, ట్యాంకు శుభ్రం చేస్తుందని వేసే ప్లెకో అనే పాచి తినే చేప. రాత్రిపూట అది అరోవానా పక్కలకూ పాలిప్టెరస్ వీపుకూ అతుక్కుని ఒంటి మీది జిగురు నాకేస్తుంది. పొద్దున్నే పొలుసుల మీద గుండ్రటి ఎర్రటి మచ్చ కనిపిస్తే దొంగ అదే.

ఇక్కడి నుంచి లెక్కలన్నిటికీ ఈ జాబితాను ఉదాహరణగా తీసుకుందాం: సిల్వర్ అరోవానా 1, కెల్బెరి పీకాక్ బాస్ 5, డాట్నాయిడ్ 1, ఎండ్లిచెరి పాలిప్టెరస్ 2. మొత్తం తొమ్మిది. పెద్దయ్యాక అన్నీ కలిపి ఆరేడు కిలోలు తూగుతాయి.

ట్యాంకు కొలతలు, బరువు

లీటర్లు చూడకండి, ముందు వెడల్పు చూడండి. పెద్ద చేప తిరగాలంటే గోడ నుంచి గోడకు దాని పొడవంత అయినా ఉండాలి. 60 సెం.మీ. వెడల్పు ట్యాంకులో పెద్దయిన అరోవానా ప్రతి మలుపులోనూ వెన్ను మడుస్తుంది. ఎత్తు ఈ చేపలకు పెద్దగా అక్కరలేదు. ఎత్తు పెంచితే గాజు మందం పెరుగుతుంది, శుభ్రం చేయడానికి చెయ్యి అందదు.

మన జాబితాకు 240 × 90 × 60 సెం.మీ. కనీసం. అంచు వరకూ నింపితే 1296 లీటర్లు. చేపలు ఎగిరి దూకుతాయి కాబట్టి పైన 8 సెం.మీ. వదిలి, సంప్‌లో (ట్యాంకు కింద ఫిల్టరుగా వాడే రెండో తొట్టిలో) తిరిగే నీళ్లు కలుపుకుంటే చేతిలో ఉండేవి దాదాపు 1200 లీటర్లు. గాజు 15 మి.మీ. తీసుకుని, పై అంచు చుట్టూ అడ్డపట్టీలు వేయించండి. 12 మి.మీ.తో సరిపెట్టేవాళ్లున్నారు. కానీ బెదిరిన అరోవానా తోకతో గాజును కొట్టే దెబ్బ చూశాక ఆ మూడు మిల్లీమీటర్ల దగ్గర పొదుపు చేయాలనిపించదు.

ఇప్పుడు బరువు. 15 మి.మీ. గాజు చదరపు మీటరుకు 37.5 కిలోలు. ఈ ట్యాంకుకు పట్టే గాజు ఒక్కటే 230 కిలోలు. నీళ్లు, స్టాండు, సంప్ కలిపితే 1700 కిలోల దగ్గరికొస్తుంది. ఇదంతా 2.16 చదరపు మీటర్ల మీద పడుతుంది, అంటే చదరపు మీటరుకు దాదాపు 800 కిలోలు. ఇళ్ల స్లాబులను మామూలుగా చదరపు మీటరుకు 150–200 కిలోల చలభారానికి (మనుషులు, సామాను బరువుకు) డిజైను చేస్తారు. కాబట్టి దీని చోటు నేల మీద వేసిన కింది అంతస్తే. పై అంతస్తులోనే పెట్టాలనుకుంటే స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి సరేనన్నాకే పెట్టండి. స్టాండు మీద రసమట్టం పెట్టి నాలుగు వైపులా చూశాక, ట్యాంకు కింద ఒకటి రెండు సెం.మీ. థర్మకోల్ షీటు పరవండి. చిన్న ఇసుక రేణువు కింద చిక్కినా అడుగు గాజు అక్కడే పగులుతుంది.

మూత గురించి ఒక్క మాట: బరువుండాలి, క్లిప్పులతో బిగిసి ఉండాలి, పైపులు వెళ్లే రంధ్రాల చుట్టూ సందు ఉండకూడదు. అరోవానా దూకుతుంది. పాలిప్టెరస్ ఆ సందులోంచి పాక్కుంటూ బయటికొస్తుంది.

లోపల ఏమీ లేకపోవడమే మేలు. ఖాళీ అడుగు, లేదా ఒక సెం.మీ. సన్న ఇసుక. గులకరాళ్లు వద్దు, తిండితో పాటు మింగేస్తాయి. పదును లేని పెద్ద కొయ్య ఒకటి, పాలిప్టెరస్‌లు దూరడానికి లావుపాటి పీవీసీ గొట్టాలు రెండు ఉంటే చాలు.

చేపల్ని కాదు, తిండిని లెక్కపెట్టండి

ఎన్ని లీటర్లకు ఎన్ని చేపలు అనే సూత్రాలు వేటచేపల దగ్గర పనికిరావు. నీళ్లను పాడుచేసేది చేపల సంఖ్య కాదు, వాటి కడుపులోకి వెళ్లే మాంసకృత్తులు. ఈ లెక్క ఒక్కసారి వేసుకుంటే ఫిల్టరు సైజు, నీళ్లు మార్చే వేళలు, పీహెచ్ (నీళ్లలో ఆమ్లం, క్షారం ఎంతో చెప్పే అంకె) ఎప్పుడు పడిపోతుందన్నదీ అన్నీ దానంతట అవే తేలతాయి.

పెద్దయిన చేపలకు రోజుకు ఒంటి బరువులో ఒక శాతం లోపే తిండి. మన తొమ్మిదింటికి రోజుకు సగటున 50 గ్రాముల పెల్లెట్లు (ఎండు తిండి గుళికలు) అనుకుందాం. వాటిలో మాంసకృత్తులు 40 శాతం, అంటే 20 గ్రాములు. చేపల పెంపకంలో వాడే లెక్క ప్రకారం మాంసకృత్తుల బరువులో 9.2 శాతం అమ్మోనియా నత్రజనిగా బయటికొస్తుంది. ఇక్కడ అది రోజుకు 1.84 గ్రాములు. ఫిల్టరు లేకపోతే 1200 లీటర్లలో ఒక్క రోజులో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు చేరుతుంది. చేపలకు అది ప్రాణాంతకం.

ఫిల్టరులోని బాక్టీరియా ఆ అమ్మోనియాను నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మారుస్తుంది. 1.84 గ్రాముల నత్రజని 8.1 గ్రాముల నైట్రేటు అవుతుంది. అంటే రోజుకు లీటరుకు 6.8 మి.గ్రా., వారానికి 48. నైట్రేటును తీసేసే పని ఫిల్టరు చేయదు, అది బకెట్టు పనే.

వారానికోసారి సగం నీళ్లు మారిస్తే ఎక్కడ ఆగుతుందో చూడండి. మార్చే ముందు 96, మార్చాక 48. కొన్ని వారాల్లో ఈ అంకెల దగ్గరే స్థిరపడుతుంది, ఎన్నటికీ తగ్గదు. 75 శాతం మారిస్తే ముందు 64, తర్వాత 16. అదే సగం చొప్పున వారానికి రెండుసార్లు మారిస్తే ముందు 48, తర్వాత 24. చేపకు మూడో పద్ధతే సుఖం, ఎందుకంటే ఎగుడుదిగుళ్లు తక్కువ. 40 లోపు ఉంచాలన్నది లక్ష్యమైతే తిండి కొంచెం తగ్గించాలి, లేదా నీళ్లు ఇంకొంచెం మార్చాలి. మధ్యేమార్గం లేదు.

పెల్లెట్ల బదులు పచ్చి రొయ్యలో చేప ముక్కలో పెడితే 100 గ్రాముల మాంసం 50 గ్రాముల పెల్లెట్లకు సమానం అనుకుని ఇదే లెక్క వేసుకోవచ్చు.

ఫిల్టరు

ఇంత తిండికి సంప్ తప్ప వేరే దారి పెట్టుకోకండి. ట్యాంకులో నాలుగో వంతు, అంటే 250–300 లీటర్ల సంప్. మూడు గదులు చాలు.

మొదటి గదిలో ఫిల్టరు సంచులు లేదా ముతక స్పాంజి. వీటిని రెండు మూడు రోజులకోసారి ఉతకాలి. సంచిలో చిక్కిన రెట్ట నీళ్లలోంచి పోయినట్టు కాదు, అక్కడే నానుతూ అమ్మోనియా వదులుతూనే ఉంటుంది.

రెండో గదిలో బాక్టీరియా పట్టడానికి, గాలితో గిరగిరా తిరిగే కే1 రకం ప్లాస్టిక్ బిళ్లలు 40–50 లీటర్లు. గదిలో సగానికి మించి నింపితే తిరగవు. కొత్త బిళ్లలు మొదట్లో పైనే తేలుతాయి. వాటి మీద జిగురు పట్టాక మునిగి తిరగడం మొదలవుతుంది, కంగారు పడి తీసేయొద్దు.

మూడో గదిలో పంపు, హీటర్లు. గంటకు ట్యాంకు నీళ్లను ఐదారుసార్లు తిప్పాలి. అంటే గంటకు 6000–7000 లీటర్లు ట్యాంకులో నిజంగా పడాలి. పంపు డబ్బా మీది అంకె ఎత్తు లేనప్పటి లెక్క. మీ సంప్ నుంచి ట్యాంకు అంచు ఎంత ఎత్తో కొలిచి, ఆ ఎత్తుకు ఎంత పారుతుందో కంపెనీ ఇచ్చే పట్టికలో చూడండి. హీటర్లు సంప్‌లోనే ఉండాలి. ట్యాంకులో పెడితే చేపలు వాటి గాజు గొట్టాన్ని పగలగొడతాయి. ఒక పెద్ద హీటరు బదులు రెండు చిన్నవి పెట్టి ఉష్ణోగ్రత కంట్రోలర్‌కు కలపండి. ఒకటి ఆన్‌లోనే ఇరుక్కుపోయినా చేపలు ఉడికిపోవు. ఉష్ణోగ్రత 26–28 డిగ్రీలు.

కరెంటు పోయినప్పుడు పంపు ఆగి, నీళ్లు పైపులోంచి వెనక్కి సంప్‌లోకి జారుతాయి. ఈ ట్యాంకులో ఒక్క సెంటీమీటరు మట్టం 21.6 లీటర్లు. పంపు పైపు నోరు నీళ్లలో పది సెంటీమీటర్ల లోతున ఉంటే రెండు వందల లీటర్లు కిందికొచ్చి ఇల్లంతా వరదే. నోటిని మట్టానికి ఒక సెం.మీ. కిందే ఉంచండి, పైపుకు నీటి మట్టం దగ్గరే చిన్న రంధ్రం వేయండి. గాలి చొరబడగానే జారడం ఆగుతుంది. ఆ తర్వాత చేప వేయకముందే పంపు ఆపి చూడండి. సంప్ పొంగకపోతే, అప్పుడు నడిచే మట్టం దగ్గర గీత గీసి దాన్ని దాటి ఎప్పుడూ నింపకండి. కిందికి దిగే పైపులు రెండుండాలి, ఒకటి మూసుకుపోయినా రెండోది మొత్తం నీళ్లనూ మోయగలగాలి.

బాక్టీరియా పెంచడం

చేపలు లేకుండానే చేయాలి. 1200 లీటర్లకు 9 గ్రాముల అమ్మోనియం క్లోరైడు కలిపితే లీటరుకు 2 మి.గ్రా. అమ్మోనియా నత్రజని వస్తుంది. రెండు మూడు రోజులకోసారి టెస్టు కిట్‌తో చూస్తూ, తగ్గినప్పుడల్లా మళ్లీ అంతే వేయండి. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నడుస్తున్న ట్యాంకు నుంచి కొన్ని బిళ్లలు తెస్తే ఇంకా త్వరగా అవుతుంది. 2 మి.గ్రా. వేసిన 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు రావాలి. అప్పుడే మన 50 గ్రాముల తిండిని ఈ ఫిల్టరు మోయగలదని రుజువు. దీన్ని దాటేసి చేపలు వేసేవాళ్లే తర్వాత మందుల కోసం తిరుగుతారు.

పీహెచ్ కూలిపోవడం: బయటికి కనిపించని ప్రమాదం

అమ్మోనియాను మార్చే పనిలో బాక్టీరియా నీళ్లలోని క్షారతను, అంటే పీహెచ్‌ను పడిపోకుండా నిలబెట్టే గుణాన్ని, తినేస్తుంది. మన లెక్కలో రోజుకు లీటరుకు 11 మి.గ్రా. తగ్గుతుంది, మొత్తం ట్యాంకు మీద 22 గ్రాముల వంటసోడాకు సమానం. మీ నీళ్ల క్షారత లీటరుకు 50 మి.గ్రా. మాత్రమే అయితే ఐదు రోజుల్లో సున్నా. అక్కడి నుంచి పీహెచ్ జారుతుంది. 6.5 కిందికి వచ్చేసరికి బాక్టీరియా మందగిస్తుంది, అమ్మోనియా పేరుకుంటుంది. అయినా చేపలు మామూలుగానే కనిపిస్తాయి, ఎందుకంటే తక్కువ పీహెచ్‌లో అమ్మోనియా దాదాపు అంతా విషం కాని అమ్మోనియం రూపంలో ఉంటుంది.

అసలు చావు తర్వాత వస్తుంది. నీళ్లు కంపుకొడుతున్నాయని ఒకేసారి సగం మారుస్తారు. కొత్త నీళ్లతో పీహెచ్ పైకి ఎగబాకుతుంది. 28 డిగ్రీల దగ్గర పీహెచ్ 6 నుంచి 8కి ఎక్కితే అమ్మోనియాలో విషపు వాటా దాదాపు తొంభై రెట్లవుతుంది. గంటల్లో చేపలు పైకి వచ్చి నోరు తెరుస్తాయి. "మంచి నీళ్లు మార్చాను, అయినా చచ్చిపోయాయి" అని వినిపించే మాటకు ఎక్కువసార్లు కారణం ఇదే.

అందుకని వారానికోసారి క్షారత కొలవండి. లీటరుకు 70 మి.గ్రా. కిందికి వెళ్లనివ్వద్దు. తగ్గితే 36 గ్రాముల వంటసోడా బకెట్టులో కరిగించి సంప్‌లో నెమ్మదిగా పోస్తే ఈ ట్యాంకులో లీటరుకు 18 మి.గ్రా. పెరుగుతుంది. ఒక రోజులో అంతకన్నా ఎక్కువ వేయొద్దు. ఇప్పటికే పీహెచ్ కూలిపోయి, అమ్మోనియా కూడా కనిపిస్తుంటే తిండి ఆపేసి రోజుకు పది శాతం చొప్పున నీళ్లు మారుస్తూ రండి. సోడా వేయడం అమ్మోనియా దిగాకే.

నీళ్లు మార్చే పద్ధతి

600 లీటర్లు బకెట్లతో మోస్తే నెల తిరక్కుండానే వాయిదాలు మొదలవుతాయి. సంప్ లేదా ట్యాంకు అడుగు నుంచి కాలువలోకి ఒక పైపు, నింపడానికి ఒక పైపు ముందే బిగించుకోండి. పెద్ద డ్రమ్ములో నీళ్లు ఒక రోజు ముందు పట్టి గాలి కొట్టించి ఉంచితే వేడీ క్లోరినూ రెండూ సర్దుకుంటాయి. కుళాయి నీళ్లు నేరుగా ట్యాంకులోకి పట్టేటట్టయితే క్లోరిన్‌ను తీసే సోడియం థయోసల్ఫేట్ మోతాదు మొత్తం ట్యాంకుకు వేయాలి, మార్చిన సగానికి కాదు. లీటరుకు 1 మి.గ్రా. క్లోరిన్ ఉన్న నీళ్లయితే 1200 లీటర్లకు 10 గ్రాములు సరిపోతుంది. ముందు మందు, తర్వాత కుళాయి. మీ నీళ్లలో క్లోరమిన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసినది) వాడుతుంటే ఒక రోజు ఉంచినా పోదు, థయోసల్ఫేట్ వేస్తే దానిలోని అమ్మోనియా మిగిలిపోతుంది. దానికి అమ్మోనియాను కూడా కట్టేసే కండిషనర్ కావాలి. కొత్త నీళ్లు ట్యాంకు నీళ్లకు రెండు డిగ్రీలకు మించి తేడా ఉండకూడదు.

చేపలు దించే క్రమం

1. ప్రతి చేపనూ 200–300 లీటర్ల వేరే ట్యాంకులో నాలుగు వారాలు ఉంచండి. దాని వలలు, బకెట్లు దానికే.
2. నదుల నుంచి పట్టి తెచ్చిన పాలిప్టెరస్ ఒంటి మీద సన్నటి తెల్ల పోగుల్లా కదిలే పురుగులు ఉంటాయి, దగ్గరగా టార్చి వేసి చూస్తే తల ఊపుతూ కనిపిస్తాయి. లీటరుకు 2 మి.గ్రా. ప్రాజిక్వాంటెల్ అనే పురుగుల మందు వేయండి, వారం తర్వాత మరోసారి.
3. ఈ నాలుగు వారాల్లోనే తిండి అలవాటు చేయండి. పెల్లెట్లు తినని చేప పెద్ద ట్యాంకులోకి వెళ్లకూడదు.
4. అన్నీ దాదాపు ఒకే సైజులో ఉండాలి. ముందుగా పాలిప్టెరస్‌లు, డాట్నాయిడ్. రెండు వారాలకు అరోవానా. చివరగా ఐదు పీకాక్ బాస్‌లూ ఒకే రోజు. దూకుడు చేప ముందొస్తే ట్యాంకంతా తనదే అనుకుంటుంది.
5. దించే రోజు కొయ్య చోటు మార్చండి, పాత చేపలకు కడుపునిండా పెట్టండి, లైటు ఆపేయండి. సంచి నీళ్లు ట్యాంకులో పోయకండి.
6. మొదటి రాత్రి లైటు లేకుండా వదిలేసి, తెల్లారి ఎవరు ఎక్కడ ఉన్నారో చూడండి.

లైటు వేయడంలోనూ పద్ధతి ఉంది. ముందు గదిలో లైటు, పావుగంట తర్వాత ట్యాంకు లైటు. చిమ్మచీకట్లో హఠాత్తుగా వెలిగితే అరోవానా తూటాలా ఎగిరి మూతకు తల కొట్టుకుంటుంది.

తిండి

బతికున్న చిన్నచేపల్ని వేసి వేట చూడటం సరదాగానే ఉంటుంది, కానీ రోగాలకు అంత దగ్గర దారి మరొకటి లేదు. గోల్డ్‌ఫిష్ లాంటి వాటిలో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది బీ1 విటమిన్‌ను నాశనం చేస్తుంది. అవే నెలల తరబడి పెడితే చేప బ్యాలెన్సు తప్పి వంకరగా ఈదుతుంది. డీప్‌ఫ్రీజ్‌లో పెట్టినా ఆ ఎంజైమ్ పోదు. గొడ్డు గుండె, కోడి మాంసం కూడా వద్దు, ఆ కొవ్వు చేప కాలేయంలో పేరుకుంటుంది.

అలవాటు చేయడం ఇలా. ఆరోగ్యంగా ఉన్న చేపను మూడు నాలుగు రోజులు పస్తు ఉంచండి. ఐదో రోజు వానపాము గానీ రొయ్య ముక్క గానీ పంపు పారే చోట వదలండి, కదులుతుంటే పట్టుకుంటుంది. అది అలవాటయ్యాక రొయ్య ముక్కకు చీలిక పెట్టి లోపల నానబెట్టిన పెల్లెట్ ఒకటి దూర్చండి. వారం పది రోజుల్లో రొయ్య తగ్గిస్తూ పెల్లెట్ పెంచండి. పెల్లెట్లు తినే ఆస్కార్ పక్కన ఉంటే మొండి చేప కూడా పోటీకి దిగుతుంది. పీకాక్ బాస్, అరోవానా వినకపోతే విసుక్కోకండి, వాటికి నెల పట్టినా వింత కాదు.

15 సెం.మీ. లోపు పిల్లలకు రోజుకు రెండు మూడుసార్లు, పెద్దవాటికి రోజుకోసారి లేదా రోజు విడిచి రోజు. వారంలో ఒక రోజు పస్తు. పైన తేలే పెల్లెట్లు అరోవానాకు ఒక మూల వేస్తూ, మునిగేవి లైటు ఆపాక పాలిప్టెరస్‌లకు గొట్టం ద్వారా వాటి ముందే వదలండి. చూపు తక్కువ, వాసన పట్టి వెతుక్కుంటాయి. ఈ ఏర్పాటు లేకపోతే పైనున్నవి బలిసి, అడుగునవి ఎండిపోతాయి. ఐదు నిమిషాల్లో మిగిలింది తీసేయాలి.

కొట్లాట మొదలైతే

దవడలు పట్టుకుని తోసుకోవడం, రంగులు ముదరడం మామూలే, గంటా రెండు గంటల్లో తేలిపోతుంది. భయపడాల్సింది నిశ్శబ్దంగా జరిగేదానికి: ఒక చేప పైమూలన తల వంచి నిలబడటం, రెక్కలు ఒంటికి అతుక్కోవడం, తిండికి రాకపోవడం, తోక అంచు చిరిగి తెల్లబడటం. రెండు రోజులు చూసి విడదీయండి. "వాటికవే సర్దుకుంటాయి" అన్న ఆశ చిన్న చేప ప్రాణం తీస్తుంది.

పీకాక్ బాస్‌లలో జత కుదిరి గుడ్లకు చోటు ఊడ్చడం మొదలుపెడితే మిగతా ఏడు చేపలూ ట్యాంకులో ఒక మూలకు చేరతాయి. అప్పుడు ఎగ్‌క్రేట్ అనే గడుల ప్లాస్టిక్ జాలీతో అడ్డుగోడ పెట్టి ఆ జతను వేరు చేయడమే దారి. ఈ జాలీని ట్యాంకు కొలతకు ముందే కోసి పక్కన ఉంచుకోండి, అవసరం రాత్రి పదకొండింటికే వస్తుంది.

పెద్ద చేపను వలతో ఎత్తకండి, పొలుసులు రాలతాయి, వెన్ను దెబ్బతింటుంది. మందపాటి ప్లాస్టిక్ సంచి లేదా టబ్బు నీళ్లలోనే ముంచి, చేపను అందులోకి తోలి, నీళ్లతో సహా ఇద్దరు ఎత్తాలి.

రోగాలు

మందు కన్నా ముందు అమ్మోనియా, నైట్రైటు, నైట్రేటు, పీహెచ్ కొలవండి. ఆస్కార్ తల మీద గుంతలు, కళ్లకు మబ్బు, రెక్కలు కరగడం లాంటివి చాలావరకూ నీళ్లు బాగుపడితేనే తగ్గుతాయి. నైట్రైటు కనిపిస్తే లీటరుకు ఒక గ్రాము ఉప్పు వేసి, నీళ్లు మారుస్తూ రండి. ఉప్పులోని క్లోరైడు మొప్పల దగ్గర నైట్రైటును అడ్డుకుంటుంది. తెల్లచుక్కలకు రెండు రోజుల్లో నెమ్మదిగా 30 డిగ్రీలకు పెంచి, లీటరుకు 2 గ్రాముల ఉప్పుతో రెండు వారాలు ఉంచండి, గాలి రెట్టింపు చేయండి. రాగి, ఫార్మలిన్ ఉన్న మందులు పాలిప్టెరస్, అరోవానా ఉన్న ట్యాంకులో పోయొద్దు, రోగం కన్నా మందే ముందు చంపుతుంది.

కరెంటు పోతే

ఆరేడు కిలోల చేపలున్న నీళ్లలో ప్రాణవాయువు ఎక్కువసేపు నిలవదు. తిన్న గంటలో పోతే ఇంకా తొందరగా అయిపోతుంది. పాలిప్టెరస్ పైకొచ్చి గాలి పీల్చుకుని బతికేస్తుంది. పీకాక్ బాస్, డాట్నాయిడ్‌లకు ఆ దారి లేదు, ముందు పోయేవి అవే. కరెంటు పోగానే దానంతట అదే మొదలయ్యే బ్యాటరీ ఎయిర్ పంపు, బుడగలు వదిలే రెండు రాళ్లతో పెట్టండి: ఒకటి ట్యాంకులో, ఒకటి బిళ్లల గదిలో. ఆ బిళ్లల మీది బాక్టీరియాకూ గాలి కావాలి. కరెంటు వచ్చేదాకా తిండి వేయొద్దు. క్యానిస్టర్ (మూసి ఉండే డబ్బా) ఫిల్టరు కూడా వాడుతుంటే, రెండు మూడు గంటలు ఆగిపోయిన తర్వాత దానిలోని నీళ్లు పారబోశాకే తిరిగి నడపండి.

పెంచలేకపోతే

చేప ట్యాంకును మించిపోతే కొన్న చోటుకో, పెద్ద ట్యాంకున్న పెంపకందారుకో ఇవ్వండి. ఎవరు తీసుకుంటారో కొనే రోజే తెలుసుకుని ఉంచుకోండి, ఎందుకంటే మీటరు చేపను ఎవరూ వెంటనే తీసుకోరు. చెరువులో, కాలువలో మాత్రం వదలకండి. పనామాలోని గాటూన్ సరస్సులోకి 1960లలో పీకాక్ బాస్ చేరాక అక్కడి స్థానిక చేపల్లో చాలా జాతులు కొన్నేళ్లలోనే కనుమరుగయ్యాయి.